లాల్‌బాగ్ చెరువు పిట్టలు: చూసే పద్ధతి, తెలుగు పేర్లు

బెంగళూరు నడిబొడ్డున ఉన్న లాల్‌బాగ్ తోటకు దక్షిణపు వైపు ఒక చెరువు ఉంది. ఉదయపు నడకకు, సెలవు రోజున పిల్లలతో కాలక్షేపానికి మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా అక్కడికి వెళుతూనే ఉన్నాయి. అయితే చెరువు కట్ట మీద రెండు చుట్లు తిరిగి, బొరుగులు తిని ఇంటికి వచ్చేవాళ్ళే ఎక్కువ. నీళ్ళలో ఉన్నది ఏ పిట్టో, చెట్టు మీద అరిచేది ఏదో ఆగి చూసేవాళ్ళు తక్కువ. ఆగి చూసిన పిల్లలు కూడా ఇంగ్లీషు పేరే చెబుతారు. కన్నడ పేరు బడిలో రాదు, తెలుగు పేరు ఇంట్లో వినబడదు.

మా సంఘం తరఫున కొన్నేళ్ళుగా పెద్దలనూ పిల్లలనూ కలిపి చెరువు కట్టకు తీసుకువెళుతున్నాము. ఆ అనుభవంతో, కొత్తగా వెళ్ళేవారికి పనికివచ్చే వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ పిట్ట ఎక్కడ ఉంటుంది, దాన్ని ఎలా గుర్తుపట్టాలి, మన భాషలో ఏమంటారు, కన్నడంలో ఏమంటారు, అక్కడ ఏమి చేయకూడదు అన్నవి ఇందులోని విషయాలు. లాల్‌బాగ్‌ను ఉదాహరణగా తీసుకున్నా, చెప్పినదంతా చాలావరకు హలసూరు, శాంకీ, హెబ్బాళ, మడివాళ చెరువులకూ వర్తిస్తుంది.

తోట, చెరువు

లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ పునాది వేశాడు. ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ దానిని పెంచాడు. 1856లో అది ప్రభుత్వ వృక్షోద్యానం అయింది. ఇప్పుడు విస్తీర్ణం సుమారు 240 ఎకరాలు. అందరికీ తెలిసిన గాజు ఇంటికి 1889లో శంకుస్థాపన జరిగింది. తోటలోని పెద్ద బండ వయస్సు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అది జాతీయ భూవైజ్ఞానిక స్మారకం. దాని మీద ఉన్నది కెంపేగౌడ గోపురం. కెంపేగౌడ పేరున తెలుగులో ‘గంగాగౌరీవిలాసం’ అనే యక్షగానం ఉన్నదని మన పిల్లలకు ఆ గోపురం దగ్గరే చెప్పవచ్చు.

బెంగళూరుకు పెద్ద నది లేదు. అందుకే పాతకాలంలో వాననీటిని నిలిపే చెరువులు కట్టారు. ఒకటి నిండితే మిగులు నీరు కాలువ గుండా కిందున్న చెరువుకు పోయేది. ఆ గొలుసు చాలాచోట్ల తెగింది. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట మెజెస్టిక్ బస్ స్టాండు వచ్చింది. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం వచ్చింది. మిగిలిన చెరువులే నీటిపిట్టలకు దిక్కు. లాల్‌బాగ్ చెరువు తోట ప్రహరీలోపల ఉండటం వల్ల, చుట్టూ పెద్ద చెట్లు ఉండటం వల్ల, నీటిపిట్టలూ చెట్టుపిట్టలూ ఒకే నడకలో కనబడతాయి. కొత్తగా నేర్చుకునేవారికి ఇది పెద్ద వసతి.

ఎప్పుడు వెళ్ళాలి, ఏమి తీసుకువెళ్ళాలి

తోట ఉదయం 6 గంటలకు తెరుస్తారు. మెట్రోలో వచ్చేవారు ఆకుపచ్చ మార్గంలో లాల్‌బాగ్ స్టేషనులో దిగితే పడమటి ద్వారం దగ్గరే. ఉదయం 6.30 నుంచి 9 వరకు పిట్టల సందడి ఎక్కువ. సాయంత్రం 4.30 తర్వాత మళ్ళీ బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం వెళితే గద్దలు, నీటికాకులు తప్ప పెద్దగా ఏమీ కనబడవు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికన్నా మంచి కాలం. వలస పిట్టలు వచ్చి ఉంటాయి, ఎండ తక్కువ, కొన్ని చెట్లు ఆకు రాల్చి ఉండటం వల్ల చూపు ఆనుతుంది. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం సందర్భంగా పూల ప్రదర్శన జరిగే రోజుల్లో మాత్రం ఈ పని మీద వెళ్ళవద్దు. ఆ జనంలో పిట్టలను చూడటం కుదరదు.

సామగ్రి పెద్దగా అక్కరలేదు. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు, మంచినీళ్ళు, చిన్న నోటు పుస్తకం, పెన్సిలు చాలు. బైనాక్యులర్ కొనదలిస్తే 8×42 లేదా 8×40 అన్నది చూసి కొనండి. అంతకన్నా ఎక్కువ శక్తి ఉన్నవి చేతిలో వణికి, పిల్లలకు బొమ్మ నిలవదు. బైనాక్యులర్ లేకపోయినా గూడబాతు, కొంగ, నీటికాకి, గద్ద మామూలు కంటికే బాగా కనబడతాయి.

చెరువులో కనబడేవి

మొదట చూడవలసినది గూడబాతు. ఇంగ్లీషులో పెలికాన్ అంటారు. బూడిదరంగు తెలుపు, పొడవాటి ముక్కు, దాని కింద తోలు సంచి. పై ముక్కు అంచున చుక్కలు ఉంటాయి. నాలుగు నుంచి ఆరు కిలోల బరువు తూగే పక్షి ఇది. గూడతో చేనికి నీళ్ళు తోడినట్టు, సంచిని నీళ్ళలో ముంచి చేపలతో సహా ఎత్తి, నీరు వదిలేసి చేపను మింగుతుంది. ఇంత బరువున్న పక్షి రెక్కలాడిస్తూ ఎక్కువసేపు ఎగరలేదు. ఎండ ఎక్కి గాలి వేడెక్కాక, ఆ పైకి లేచే గాలి మీద గిరికీలు కొడుతూ ఎత్తుకు వెళుతుంది. అందుకే ఉదయం నీళ్ళలో ఉన్నవి 10 గంటలకు ఆకాశంలో కనబడతాయి.

ఇవి గూళ్ళు కట్టే చోట్లలో మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరు ప్రసిద్ధం. అక్కడ ఊరి మధ్య చింతచెట్ల మీదే గూళ్ళు ఉంటాయి, ఊరివాళ్ళే కాపలా. మన వైపు నేలపట్టు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం కూడా ఇటువంటివే. తేలినీలాపురంలో ఈ పక్షులను పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారని చెబుతారు. లాల్‌బాగ్‌లో గూడబాతును చూపిస్తూ ఈ మాట చెబితే పిల్లలు మరచిపోరు.

నీటికాకి నల్లగా, కాకి కన్నా పెద్దగా ఉంటుంది. మునిగి చేపను పట్టి, తర్వాత మోడు మీదో రాతి మీదో రెండు రెక్కలూ చాచి కూర్చుంటుంది. దాని ఈకలు బాతు ఈకల్లాగ నీటిని పూర్తిగా తోసెయ్యవు. తడుస్తాయి. కాబట్టి ఆరబెట్టుకోవాలి. తడవడం వల్లనే లోతుకు మునగటం సులువవుతుంది. దీని బంధువే పాముబాతు. ఒళ్ళంతా నీళ్ళలో ఉంచి సన్నటి మెడ మాత్రం పైన పెట్టి ఈదుతుంది, దూరానికి పాము ఈదుతున్నట్టే ఉంటుంది. నీటికాకి ముక్కు కొన వంపు తిరిగి ఉంటుంది. పాముబాతు ముక్కు బల్లెంలాగ తిన్నగా ఉంటుంది. ఈ రెంటినీ విడదీయటానికి ఆ ఒక్క గుర్తు చాలు.

బొల్లికోడి నల్లటి ఒంటి మీద తెల్లటి నుదురుతో ఈదుతూ ఉంటుంది. మనవాళ్ళు ఆ తెలుపును బొల్లి అన్నారు. కన్నడిగులు దానినే నామం అనుకుని నామద కోళి అన్నారు. ఒకే మచ్చ, రెండు చూపులు. జంబుకోడి నీలి ఊదారంగుతో, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళతో జమ్ము పొదల్లో నడుస్తుంది. జమ్ము ఉన్నచోటనే ఇది కనబడుతుంది. చెరువును శుభ్రం చేస్తున్నామని ఒడ్డున ఉన్న గడ్డి, జమ్ము అంతా పీకేస్తే ముందు మాయమయ్యేది ఇదే.

కొంగల్లో గుడ్డికొంగను పట్టుకోవటం ఒక పరీక్ష. ఒడ్డున మట్టిరంగులో కదలకుండా నిలబడి ఉంటుంది, మనిషి అయిదారు అడుగుల దూరానికి వచ్చేదాకా లేవదు. లేచిందంటే రెక్కలు తెల్లగా మెరుస్తాయి. ఇప్పటిదాకా ఇక్కడ లేని తెల్లకొంగ ఎక్కడనుంచి వచ్చిందని పిల్లలు అడుగుతారు. దాని పేరులో గుడ్డి ఉన్నా చూపు మహా చురుకు. చింతవక్క పగలు చెట్ల మీద ముడుచుకుని ఉండి, చీకటి పడే వేళ ‘వక్’ అని అరుస్తూ వేటకు బయలుదేరుతుంది. దాని అరుపే దాని పేరు.

లకుముకి పిట్టలు రెండు రకాలు. చిన్నది నీటి మీదకు వంగిన కొమ్మ నుంచి నిట్టనిలువునా దూకి చేపను పడుతుంది. తెల్లటి రొమ్ము, ఎర్రటి లావు ముక్కు ఉన్న పెద్దది నీళ్ళకు దూరంగా కూడా ఉంటుంది, మిడతలు, తొండలు తింటుంది. రెండూ మట్టి గట్టులో బొరియ తొలిచి గుడ్లు పెడతాయి. చెరువు చుట్టూ రాయి, సిమెంటు పరిచి అందంగా చేశామనుకున్న చోట వీటికి ఇల్లు కట్టుకునే తావు ఉండదు. తిండి ఉన్నా గూడు లేకపోతే పిట్ట నిలవదు. చెరువు అభివృద్ధి గురించి వార్డు సమావేశాల్లో మాట ఎత్తేవారు, కనీసం ఒక వైపయినా మట్టి ఒడ్డును వదలమని అడగాలని మా మనవి.

గద్దలు కూడా రెండు. గోధుమరంగులో ఉండి, తోక కొస చీలినట్టు కనబడేది మామూలు గద్ద. తల, రొమ్ము తెల్లగా, మిగతా ఒళ్ళు ఇటుక రంగులో ఉండేది గరుడ పక్షి. దీన్ని చూస్తే మన ఇళ్ళలో పెద్దలు చెంపలు వేసుకుంటారు. గుళ్ళలో చూసిన గరుత్మంతుడు ఇక్కడ చేప కోసం తిరుగుతున్నాడని చెప్పటమే చిన్నవాళ్ళకు మంచి పాఠం.

కట్ట మీది చెట్లలో

నీళ్ళ నుంచి కళ్ళు పైకెత్తితే వేరే లోకం. రామచిలుకలు పాత చెట్ల తొర్రల్లో ఉంటాయి. మగదానికి మెడచుట్టూ నలుపు, గులాబి రంగు కంఠి ఉంటుంది. తొర్ర కోసం గోరింకలతో వీటికి పోటీ. చెట్టు పాతబడింది, తొర్రపడింది అని కొట్టేస్తే రెంటికీ నష్టమే.

‘టక్, టక్, టక్’ అని ఇత్తడి మీద సుత్తితో కొట్టినట్టు ఆగకుండా వినబడితే అది కంసాలి పిట్ట. పిచ్చుకంత ఉంటుంది, పచ్చటి ఒళ్ళు, ఎర్రటి నుదురు. కన్నడంలో కంచుకుటిగ అంటారు, అంటే కంచు కొట్టేవాడు. రెండు భాషలకూ ఒకే ఊహ వచ్చింది.

కోకిల పాట అందరికీ తెలుసు. పాడేది మగది అని చాలామందికి తెలియదు. మగది నల్లగా, ఎర్ర కళ్ళతో ఉంటుంది. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది, దాన్ని వేరే పిట్ట అనుకుంటారు. గూడు కట్టదు, కాకి గూటిలో గుడ్లు పెడుతుంది. పొదల్లో ఇటుకరంగు రెక్కలతో నేల మీద బరువుగా నడుస్తూ ‘ఊప్ ఊప్’ అనేది జెముడుకాకి.

పసులపోలిగాడు నల్లటి ఒంటితో, చీలిన పొడుగు తోకతో ఉంటాడు. పల్లెల్లో పశువుల వీపు మీద కూర్చుని, గడ్డిలోంచి లేచే పురుగులను పట్టుకునేవాడు. నగరంలో పశువులు తగ్గాయి గనుక తీగల మీద కూర్చుంటున్నాడు. గద్దనయినా తరిమే ధైర్యం వీడిది.

పైడికంటి చిన్న గుడ్లగూబ. తొర్ర అంచున కూర్చుని పసుపు కళ్ళతో మనను చూస్తుంది. అపశకునమని రాళ్ళు వేయవద్దు. అది తినేది ఎలుకలను, పురుగులను. అలాగే తీతువు. ‘తీతువు అరిస్తే కీడు’ అని మనలో పాత నమ్మకం. ఆ పిట్ట బోసి నేల మీదే గుడ్లు పెడుతుంది. ఎవరయినా ఆ దారికి వస్తే, గుడ్ల దగ్గర నుంచి దృష్టి మరల్చటానికి అరుస్తూ తల మీద తిరుగుతుంది. అరుపుకు కారణం బిడ్డల మీది భయం. ఈ సంగతి తెలిశాక దాన్ని తిట్టే మనసు ఎవరికీ రాదు.

వలస వచ్చేవి, ‘పిట్ట’ అన్న మాట

సెప్టెంబరు చివరి నుంచి ఉత్తరాది నుంచి వలస పిట్టలు దిగుతాయి. ఒడ్డున తోక పైకీ కిందికీ ఊపుతూ పరుగెత్తే కాటుకపిట్టలు, పసుపు నలుపు రంగుల వంగపండు పిట్ట, పొడవాటి తోకతో ఈగలు పట్టే పిట్ట అలా వచ్చేవే. ఏప్రిల్ నాటికి తిరిగిపోతాయి. హెబ్బాళ వంటి పెద్ద చెరువులకు దూరదేశపు బాతులు కూడా వస్తాయి.

వలస దారిలో బెంగళూరు తోటల్లో దిగే ఒక పిట్ట గురించి తెలుగువారు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అది పొన్నంకి పిట్ట. కురచ తోక, పచ్చటి వీపు, నీలి మచ్చ, ఎర్రటి కడుపు కింది భాగం, ఎన్ని రంగులో. కన్నడంలో నవరంగ అంటారు. నేల మీద రాలిన ఆకుల్లో పురుగులు ఏరుకుంటుంది. వేసవిలో మధ్య భారతంలో, హిమాలయ పాదాలలో గూళ్ళు కట్టి, చలికాలానికి దక్షిణానికీ శ్రీలంకకూ వస్తుంది. 1713లో లండన్‌లో అచ్చయిన జాన్ రే పక్షుల పుస్తకానికి చేర్చిన మద్రాసు పక్షుల అనుబంధంలో ఈ పిట్టను దాని తెలుగు పేరుతోనే ఎక్కించారు. సెయింట్ జార్జి కోటలో ఉద్యోగం చేసిన ఒక ఆంగ్ల వైద్యుడు పంపిన బొమ్మలు, వివరాలు దానికి ఆధారం. తర్వాత 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ జాతికి ‘పిట్టా’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా వరకు ఉన్న నలభైకి పైగా రకాలను నేడు ప్రపంచమంతా పిట్టా అనే పిలుస్తుంది. ఆ మాట మనది.

ఆ పేరు చెప్పింది రాజ్యాలు ఏలినవారు కాదు. మద్రాసు పరిసరాల్లో పిట్టలను ఎరిగిన తెలుగు జనం చెప్పారు, విన్నవాడు రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన జెర్డన్ అనే వైద్యుడు 1862–64లో అచ్చయిన తన భారత పక్షుల గ్రంథంలో పక్షి పక్షికీ స్థానిక పేర్లు ఇచ్చాడు. వాటిలో తెలుగు పేర్లు చాలా ఉన్నాయి. ఇదే జెర్డన్ పేరుతో శాస్త్రలోకం ఎరిగిన కడప వైపు కలివికోడి అంతరించిందని అనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది. దొరకటానికి తోడ్పడింది ఆ పిట్టను ఎరిగిన స్థానిక వేటగాళ్ళే. పేరు తెలిసినవాడు ఒక్కడు మిగిలి ఉన్నా ఎంత ఉపకారమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పేర్ల పట్టిక

ఈ కింది పేర్లు పిల్లల చేత రెండు భాషల్లోనూ రాయించండి. మొదటిది తెలుగు, రెండవది కన్నడం.

గూడబాతు – హెజ్జార్లె
నీటికాకి – నీరుకాగె
పాముబాతు – హావక్కి
బొల్లికోడి – నామద కోళి
జంబుకోడి – జంబుకోళి
గుడ్డికొంగ – కొళద బక
తెల్లకొంగ – బెళ్ళక్కి
లకుముకి పిట్ట – మించుళ్ళి
రామచిలుక – గిళి
గోరింక – గొరవంక
కంసాలి పిట్ట – కంచుకుటిగ
వడ్రంగి పిట్ట – మరకుటిగ
పసులపోలిగాడు – కాజాణ
పిగిలిపిట్ట – పికళార
జెముడుకాకి – కెంబూత
తేనెపిట్ట – సూరక్కి
తీతువు – టిట్టిభ
పాలపిట్ట – నీలకంఠ

తెలుగు పేర్లు ఊరూరికీ మారతాయి. అనంతపురం వైపు నుంచి వచ్చిన ఇంట్లో ఒకటి, నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఇంట్లో మరొకటి ఉంటుంది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న ఇళ్ళలో కన్నడం కలిసిన పేర్లు కూడా వింటాము. ఏదీ తప్పు కాదు. మీ ఇంట్లో అనే పేరే మొదట చెప్పండి.

దీనికి తొందర ఉంది. ఈ పేర్లను చేలల్లో, చెరువుల దగ్గర నేర్చుకున్న తరం మా సంఘంలో ఏటేటా తగ్గుతోంది. పుస్తకంలో ఉన్న పేరు బతికి ఉన్నట్టు కాదు. పిట్ట ఎదురుగా ఉండగా ఒకరు వేలు పెట్టి చూపి, ఇంకొకరు పలికినప్పుడే అది మాటగా ఉంటుంది. బెంగళూరులో పుట్టిన పిల్లలకు పల్లె చెరువు లేదు, ఉన్నది ఈ చెరువు. తాతయ్య, అమ్మమ్మలు నడకకు వెళ్ళేటప్పుడు మనుమలను నెలకు ఒక్కసారి తీసుకువెళ్ళినా చాలు.

పిట్టలు కాక ఇంకేమున్నాయి

బండ మీద ఎండ కాచుకునే తొండలను చూడండి. ఇవి రాతి నేలల్లోనే బతికే రకం. జత కట్టే కాలంలో మగ తొండ వీపు ఎర్రగా, పక్కలు నల్లగా మారతాయి, మిగతా కాలంలో రాతి రంగే. మూడు చారల ఉడుతలు ప్రతి చెట్టు మీదా ఉన్నాయి. ఆ చారలు రాముడి వేళ్ళ గుర్తులన్న కథ చెప్పని ఇల్లు మనలో ఉండదు.

నీటి అంచున నీరుకట్టె పాము, చెట్ల కింద జెర్రిపోతు కనబడవచ్చు. రెంటికీ విషం లేదు. అయినా ఏ పాము దగ్గరికీ వెళ్ళక్కరలేదు, దారి ఇస్తే అదే పోతుంది. చీకటి పడ్డాక ఎగిరే పెద్ద గబ్బిలాలు పండ్ల గింజలను దూరదూరాలకు చేరవేస్తాయి. వానాకాలం ముగిసే వేళ గుంపులుగా ఎగిరే తూనీగల్లో ఒక రకం సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుంది. నగరపు తోటలో వేలెడంత పురుగు అంత దూరం ప్రయాణానికి సిద్ధమవుతోందంటే పెద్దవాళ్ళమే నమ్మలేకపోయాము.

చేయకూడని పనులు

1. నీళ్ళలో రొట్టె, బొరుగులు, అన్నం వేయవద్దు. పుణ్యమని వేసేది నీళ్ళలో కుళ్ళి, చేపలకు అందవలసిన ప్రాణవాయువును హరిస్తుంది. 2016 మార్చిలో హలసూరు చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. అక్కడ ముఖ్య కారణం మురుగునీరు. అయినా నీటిలో ప్రాణవాయువు తగ్గితే ఏమవుతుందో ఊరంతా చూసింది. ఇంటి మిద్దె మీద కాకికి పెట్టే ముద్ద వేరు, చెరువులో వేసేది వేరు. పిట్టలకు మేలు చేయదలిస్తే వేసవిలో మిద్దె మీద మట్టి మూకుడులో నీళ్ళు పెట్టండి, రోజూ మార్చండి.

2. ఇంట్లో పెంచిన తాబేళ్ళను, చేపలను చెరువులో వదలవద్దు. చెవి దగ్గర ఎర్రచార ఉండే తాబేలు విదేశీ జాతి. వాస్తు కోసం కొని, పెరిగాక చెరువులో వదిలేవాళ్ళు ఉన్నారు. అది మన తాబేళ్ళ తిండినీ తావునూ ఆక్రమిస్తుంది.

3. రామచిలుకను పంజరంలో పెట్టవద్దు. మన ఇళ్ళలో ఇది ముచ్చటగా సాగిన అలవాటే, చిలక జోస్యం చెప్పించుకోవటమూ అంతే. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. తోటలో వంద చిలుకలు ఎగరటం చూసిన పిల్లవాడు పంజరం అడగడు.

4. గాలిపటానికి మాంజా దారం వాడవద్దు. బెంగళూరులో ఆషాఢపు గాలికి గాలిపటాలు ఎక్కువ. తెగిన దారం చెట్ల మీద ఉండిపోయి గద్దల, గబ్బిలాల రెక్కలను కోస్తుంది. గాయపడ్డ పిట్ట దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచండి. బలవంతంగా నీళ్ళు పోయవద్దు. అటవీ శాఖకో, కెంగేరి దగ్గర ఉన్న పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణి ఆసుపత్రికో చేర్చండి.

5. గూడు దగ్గరకు ఫోటో కోసం వెళ్ళవద్దు. ఫోనులో పిట్ట అరుపు పెట్టి పిలవవద్దు. తన తావులోకి పోటీ వచ్చిందని అది గుడ్లు వదిలి వెతుక్కుంటుంది.

రాసిపెట్టుకునే పద్ధతి

చూసినది రాయకపోతే ఇంటికి వచ్చేసరికి సగం పోతుంది. ఆఫీసులో రిజిస్టరు రాసినవారికి ఇది కొత్త పని కాదు. పేజీని అయిదు గడులు చేయండి: తేదీ, సమయం, చోటు, పేరు, ఎన్ని. ఆరవ గడి విశేషం కోసం. పేరు తెలియకపోతే పరిమాణం (పిచ్చుకంత, గోరింకంత, కాకంత, గద్దంత), ముక్కు, తోక, కాళ్ళ రంగు, చేస్తున్న పని రాయండి. ఇంటికి వచ్చి పుస్తకంలో చూడవచ్చు. ఊహించి పేరు రాయవద్దు. లేని పిట్టను ఉన్నట్టు రాయటం కన్నా ఖాళీ గడి మేలు.

ఒకే చోటికి నెలకొకసారి వెళ్ళి రెండేళ్ళు రాస్తే, ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఏది తగ్గుతోందో మీ పుస్తకమే చెబుతుంది. ఫోను వాడే పిల్లలు ఆ లెక్కనే ఈబర్డ్ అనే యాప్‌లో ఎక్కించవచ్చు. శాస్త్రజ్ఞులు ఆ లెక్కలను వాడుకుంటున్నారు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు దేశమంతటా జరిగే పిట్టల లెక్కింపులో పావుగంట కేటాయించినా పాల్గొన్నట్టే.

ఇతర ఊళ్ళలో ఉన్నవారికి

చెన్నైలో అడయారు నది కలిసేచోట తొల్కాప్పియ పూంగా, నగరపు దక్షిణాన పళ్ళికరణై చిత్తడి నేల ఉన్నాయి. ముంబయి, ఠాణేల్లో ఉన్నవారికి చలికాలం నుంచి వేసవి వరకు ఠాణే ఖాడీలో రాజహంసల వంటి గులాబి ఫ్లెమింగోలు వేలల్లో కనబడతాయి. సోలాపురంలో సిద్ధేశ్వర చెరువు ఊరి మధ్యే ఉంది. బరంపురం వారికి చిలికా దూరం కాదు. యానాం వారికి గోదావరి ఒడ్డే పెద్ద బడి. పక్కనే కోరింగ మడ అడవులు, అక్కడ నీటిపిల్లులు, నీటికుక్కలు కూడా ఉన్నాయి. ఎక్కడివారు అక్కడి భాషలోని పేరును మన పేరు పక్కన రాసుకోవాలి.

మీ ఇంట్లో పెద్దలు పిట్టలకు వాడే పేర్లు ఈ పట్టికలో లేనివి ఉంటే రాసి పంపండి. పేరుతోపాటు ఆ పిట్ట రంగు, ఉండే చోటు, మీ పూర్వీకుల ఊరు ఏ జిల్లాయో తెలపండి. వచ్చినవన్నీ చేర్చి పట్టికను పెంచుతాము. అడగవలసిన పెద్దలు ఇంట్లో ఉన్నవారు ఈ ఆదివారమే అడగండి.